ఇంటి వెలుపలి కొయ్యపనిని వాన, ఎండ, చెదల నుండి కాపాడుకొనుట

ధాన్యమును గాదెలో పోయబోవు రైతు ముందుగా నాలుగు గింజలు పంటి క్రింద వేసికొని కొరికి చూచును. తేమ మిగిలియున్నదని తోచినచో మరల కళ్లములో ఎండబోయును. తేమ 14 శాతమునకు లోబడిన ధాన్యమే నిలువకు పనికివచ్చునని, మించినది ముక్కిపోయి బూజు పట్టునని అతనికి వేరుగా చెప్పనక్కరలేదు. కాని అదే రైతు ఎంతో డబ్బు పోసి చేయించుకొన్న తలుపులు, కిటికీలు, పంచలోని స్తంభములు, చూరు వాసములు, గోడకు తాపిన పలకలు తడిసి నానుచున్నను "కొయ్యకు ఏమగును?" అని ఊరకుండును. కొయ్యయు ఒక పంటయే. గింజను చెరచు తేమయే కొయ్యను కూడ చెరచును. లెక్కలో కొంచెము తేడా గలదు, అంతే.

నక్కపల్లి, పాయకరావుపేట ప్రాంతముల ఇండ్లకు ఈ విషయము మరింత ముఖ్యము. సముద్రము దగ్గర. రాజయ్యపేట వంటి ఒడ్డు గ్రామములలో ఉప్పుగాలి ఏడాది పొడుగున కొయ్యను, మేకులను తాకుచునే యుండును. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి వానలు. అవి వెనుదిరిగిన వెంటనే అక్టోబరు, నవంబరు నెలలలో తుఫానులు. నడుమ కొయ్య ఆరుటకు వ్యవధి చాలదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నము వద్ద తీరము దాటిన హుద్‌హుద్ తుఫానును ఈ ప్రాంతము వారెవరును మరువలేరు. అట్టి గాలిలో గట్టి వాసము వంగి నిలుచును, పుచ్చిన వాసము విరుగును. పుచ్చు అన్నది ఆ ఒక్క రాత్రిలో పుట్టినది కాదు. రంగు క్రింద, గోడ లోపల, కంటికి కనపడకుండ ఏండ్ల తరబడి సాగిన పని అది.

కొయ్య ఎందుకు కుళ్లును?

కొయ్యను కుళ్లజేయునది నేరుగా నీరు కాదు, శిలీంధ్రములు. వాటి బీజములు గాలిలో ఎల్లప్పుడును ఉండును గనుక వాటిని రాకుండ చేయుట మన వశములో లేదు. అయితే కొయ్యలో తేమ 20 శాతమునకు లోపల ఉన్నంతకాలము అవి పెరుగజాలవు. 30 శాతము చేరినచో విజృంభించును. గాలిలో తేమ 75 శాతము ఉన్నప్పుడు నీడపట్టున ఉన్న కొయ్య సుమారు 14 శాతము వద్ద నిలుచును. కావున సముద్రపు గాలి ఒక్కదాని చేత కొయ్య కుళ్లదు. వాన నీరో, నేల చెమ్మయో, గోడ చెమ్మయో తగిలి, ఆరుటకు వీలులేక అక్కడనే నిలిచినప్పుడు కుళ్లును. బావి అడుగున నీటిలో మునిగియున్న కొయ్య ఏండ్ల తరబడి చెడకుండుట మీరు చూచియుందురు. అక్కడ శిలీంధ్రమునకు కావలసిన గాలి లేదు. తడియు, గాలియు రెండును కలిసిన చోటనే ముప్పు. గుంజ నేల మట్టము వద్దనే ముందు విరుగుటకు కారణమిదే.

లెక్కలో తేడా అంటిమి గదా, అది ఇది. ధాన్యపు తేమను తడి తూకము మీద లెక్కింతురు. కొయ్య తేమను పూర్తిగా ఆరిన తూకము మీద లెక్కింతురు. 250 గ్రాముల ముక్క పూర్తిగా ఆరి 200 గ్రాములైనదనుకొనుడు. పోయిన నీరు 50 గ్రాములు. ధాన్యపు లెక్కలో అది 20 శాతము, కొయ్య లెక్కలో 25 శాతము. అందుచే ధాన్యము కొనుగోలు కేంద్రములోని తేమ యంత్రమును పలకలకు వాడుట వ్యర్థము. ఇంటివద్ద యంత్రము లేకున్నను ఇబ్బంది లేదు. పలకల దొంతరలో ఒక ముక్కకు గుర్తు పెట్టి, పొడి రోజులలో వారమునకొకసారి తూచుచుండుడు. వరుసగా మూడు వారములు తూకము తగ్గకున్నచో ఆ పలకలు పనికి సిద్ధమైనట్లే.

నీరు దూరు చోట్లు

కొయ్య అనునది సన్నని గొట్టముల కట్ట. చెట్టు బ్రదికియున్నప్పుడు ఆ గొట్టముల గుండానే వేళ్ల నుండి నీరు ఆకులకు ఎక్కెడిది. అడ్డముగా కోసిన కొన వద్ద వాటి నోళ్లు తెరచుకొని యుండును. అందుచే పలక పక్క నుండి కంటె కొన నుండి ఎన్నో రెట్లు వేగముగా నీరు పీల్చును. మన రంగు పనివారు తలుపు ముందు వెనుకలకు మూడు పూతలు అద్దమువలె పూసి, అడుగు అంచును మాత్రము వదలివేయుదురు. వంగి చూచువారెవరు? తలుపు కుళ్లుట సరిగా అక్కడనే మొదలగును. రెక్కలను బందులకు బిగించుటకు ముందే అడుగు, పై అంచులకు రెండు పూతలు పూయించవలెను. తరువాత ఆ పని కాదు.

గడప సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. ప్రతి ఉదయము వాకిట కల్లాపి చల్లుట, పండుగలకు గడప కడిగి పసుపు పూయుట మన ఇండ్లలోని మంచి అలవాట్లు. వానిని మానుమని ఎవరును చెప్పరాదు, చెప్పినను వినరు. కాని ఆ నీరు గడప రెండు కొనల వద్ద, ద్వారబంధపు నిలువు కమ్ములు దానిలో దిగు అతుకులలో చేరి నిలుచును. గడపను కూర్చుండబెట్టుటకు ముందే కొనలకును, గోడకును నేలకును ఆను వైపులకును వేడి తారు రెండుసార్లు పూయించుడు. గడప ముందరి గచ్చును వాకిలి వైపు వాలునట్లు చేయించినచో కడిగిన నీరు నిలువదు. పాత ఇంటిలో ఇప్పటికే అతుకు తెరచుకొనియున్నచో, వేసవిలో బాగుగా ఆరనిచ్చి లప్పము పెట్టి మూయవలెను. తడిగా ఉండగా మూసినచో నీటిని లోపల బంధించినట్లగును. అది మూయకుండుట కంటె చెరుపు.

అన్నిటి కంటె ప్రమాదకరమైనది గోడలో దిగిన దూలపు కొన. పెంకుటిండ్లలో దూలమును గోడలో జానెడు లోనికి దించి, చుట్టును మట్టితోనో సున్నముతోనో బిగించివేయుట వాడుక. బయట వానకు గోడ తడియును. తడి గోడ నడుమ గాలి తగులని ఆ కొన నెలల తరబడి ఆరదు. పైకి దూలము నల్లగా, నున్నగా, గట్టిగా కనబడును. గోడ లోపలి భాగము పిండియై యుండును. బరువంతయు ఆ కొన మీదనే గదా! క్రొత్తగా కట్టువారు దూలపు కొన క్రింద రాతి పలక నుంచి, పక్కలను, వెనుకను బొటనవ్రేలి మందము ఖాళీ విడువవలెను. కొనకు తారు పూయుట మంచిదే గాని, పూర్తిగా ఆరిన కొయ్యకే పూయవలెను. పాత ఇంటివారు గోడకు దగ్గరగా దూలము అడుగున సన్నని మేకుతోగాని, మొనగల మరచుట్టుతోగాని గ్రుచ్చి చూడుడు. వ్రేలి కణుపు లోతు సునాయాసముగా దిగినచో ఆలస్యము చేయక దూలము క్రింద తాత్కాలికముగా గుంజ నిలిపి వడ్రంగిని పిలువవలెను. వానలు మొదలగు వరకు ఆగరాదు. ఆ గదిలో పిల్లలను పండబెట్టరాదు.

ఈ మధ్య క్రొత్త ఇండ్లవారు ముందరి గోడకు, వరండా పైభాగమునకు చెక్క పలకలు తాపుచున్నారు. చూచుటకు అందముగనే యుండును. కాని తడియగల గోడకు నేరుగా పలకను అంటించి మేకులు కొట్టుట తగదు. వెనుక చేరిన నీరు బయటికి పోజాలదు. ముందు గోడకు నిలువుగా సన్నని దబ్బలు బిగించి, వాని మీద పలకలు తాపినచో నడుమ రెండు సెంటీమీటర్ల ఖాళీ ఏర్పడును. క్రింద, పైన ఆ ఖాళీని మూయక సన్నని జాలి వేసినచో గాలి ఆడును, తేళ్లు, ఎలుకలు చేరవు. పలకల అడుగు అంచు నేలకు జానెడు ఎత్తున ఉండవలెను. చూరు నుండి కారు నీరు నేలను తాకి ఎగిరిపడు తుంపర అంతవరకు వచ్చును. చూరు ఎంత ముందుకు వచ్చిన అంత మేలు. రెండడుగుల చూరు చేయు మేలు మూడు పూతల రంగు చేయదని నా అభిప్రాయము. పెద్దల కాలపు పెంకుటిండ్ల వైపు చూడుడు. వంగి లోనికి పోవలసినంత క్రిందికి దిగిన చూరు, స్తంభము క్రింద రాతి పీట, ఎత్తైన అరుగు. ఈ మూడును కొయ్యను నీటికి అందకుండ చేయు ఉపాయములే.

ఏ కలప?

టేకు చేవ, మామిడి పలక ఒక్కటి కావని అందరికిని తెలిసినదే. ఎంత తేడా? డెహ్రాడూనులోని అటవీ పరిశోధన సంస్థ వారు కలప ముక్కలను నేలలో పాతిపెట్టి ఎన్ని నెలలు నిలుచునో చూచి వానిని తరగతులుగా విభజించిరి. 120 నెలలు, అంతకు మించి నిలుచునవి మొదటి తరగతి. 60 నుండి 120 నెలల వరకు నిలుచునవి రెండవ తరగతి. 60 నెలలు కూడ నిలువనివి మూడవ తరగతి. టేకు మొదటి తరగతి, మామిడి మూడవ తరగతి. ఈ కాలములు నేలలో పాతిన ముక్కలవి గాని ఎత్తున పొడిగా నున్న కొయ్యవి కావు. సరిగా కట్టిన ఇంటిలో మామిడి పలకయు చాలకాలము నిలుచును. నీరు కారు చూరు క్రింద టేకు కూడ పాడగును. పైగా టేకునందును చేవకే ఆ గుణము. అంచున నున్న తెల్లచెక్కకు ఆ బలము లేదు. అంగడిలో టేకని చెప్పి అమ్ము కమ్ములకు ఒక పక్క తెల్లచెక్క ఎంత ఉన్నదో తిప్పి చూచి మరీ కొనుడు.

తాడి విషయములో ఇది తలక్రిందులు. తాడికి గట్టిదనమంతయు బయటి నల్లని ఈనెల పొరలో నుండును, లోపల మెత్తన. కావున ముదురు తాడిని చీల్చి, మెత్తని భాగమును పూర్తిగా చెక్కివేసి వాసములు చేయవలెను. ఆ మెత్తని భాగమును మిగుల్చుట చెదలకు విందు పెట్టుటయే.

తుఫానుకు పడిన చెట్టును పచ్చిగా కోయించి ఆ నెలలోనే తలుపులు చేయించువారు కలరు. అది ఆరుచు కుదించుకుపోవును, మెలితిరుగును, అతుకులు తెరచుకొనును. అంగుళము మందపు పలకలను నీడన, నేలకు అడుగెత్తున, రెండేసి అడుగులకు ఒక అడ్డకర్ర చొప్పున వేసి దొంతరగా పేర్చవలెను. అడ్డకర్రలు ఒకదానిపై నొకటి సూటిగా ఉండవలెను, లేనిచో పలకలు వంగును. కొనలకు పాత రంగు గాని తారు గాని పూసినచో పగుళ్లు తగ్గును. పొడి కాలములో మూడు నాలుగు నెలలు పట్టును. తొందరపడి లాభము లేదు.

మందులు, వానితో జాగ్రత్తలు

నేలకు, వానకు ఓర్చునట్లు కలపకు మందు పట్టించు విద్యలో మన తెలుగువాని పేరు ప్రపంచమంతట నిలిచియున్నది. శొంఠి కామేశం గారు డెహ్రాడూను అటవీ పరిశోధన సంస్థలో పనిచేయుచు 1933లో రాగి, క్రోమియము, పాషాణము లవణములను కలిపి ఒక మందును కనుగొనిరి. రాగి శిలీంధ్రములను, పాషాణము పురుగులను చంపును. క్రోమియము ఆ రెండింటిని వానకు కొట్టుకొనిపోకుండ కొయ్యలో బిగించును. ఆ మందు పట్టించిన స్తంభములు, పట్టీలు అనేక దేశములలో వాడబడినవి. అయితే పాషాణము మూలమున అమెరికాలో 2003 చివర ఇండ్ల వాడకము నుండి దానిని తొలగించిరి. ఆ మందు కలప లేత పచ్చగా నుండును. దానిని చేతితో తాకు తలుపులకు, పశువుల గాటికి, తొట్లకు వాడవలదు. ముఖ్యముగా కాల్చరాదు. పాషాణము పొగలోను బూడిదలోను మిగులును. పాత స్తంభపు ముక్కలను పొయ్యిలోను, బెల్లపు గానుగ పొయ్యిలోను వేయుట, ఆ బూడిదతో గిన్నెలు తోముట, పెరటి మొక్కలకు చల్లుట ప్రాణాపాయము.

భోగినాడు పాత తలుపులు, కుర్చీలు మంటలో వేయుట మన ఆచారము. పాత రంగులలో సీసము విస్తారముగా ఉండెడిది. మన దేశములో ఇంటి రంగులలో సీసము పదిలక్షలకు 90 పాళ్లు మించరాదను నిబంధన 2017 నవంబరు నుండి మాత్రమే అమలులోనికి వచ్చినది. కావున రంగు వేసిన పాత కొయ్యను భోగి మంటలో వేయకుడు. పిడకలు, ఎండుకొమ్మలు చాలును. పాత రంగును గీకునప్పుడును పొడిగా గీకక, తడిపిన గరుకు కాగితముతో రుద్ది, క్రింద పరచిన గోనెపట్టాలో పడిన పొట్టును మూటగట్టి తీసివేయవలెను. పాకు పిల్లలను ఆ పంచలోనికి రానీయరాదు.

తలుపులు, కిటికీలు, చూరు పలకలు, వెదుళ్లకు అనువైనది బోరాక్సు మందు. నూరు లీటర్ల నీటిలో బోరాక్సు 3 కిలోలు, బోరిక్ ఆమ్లము 2 కిలోలు కరగించి, పలకలను వారము రోజులు నానబెట్టి, నీడన ఆరబెట్టవలెను. వేడి నీటిలో త్వరగా కరగును. పుప్పి పురుగు, చెదలు, బూజు మూడింటికిని ఇది పనిచేయును. దీని లోపము ఒక్కటే: వాననీటికి కరగి కొట్టుకొనిపోవును. కావున పైన తప్పక రంగు వేయవలెను. మిగిలిన నీటిని పెరటి పాదులలో పోయవలదు. బోరాను పైరుకు చిటికెడు కావలెను గాని, ఎక్కువైన విషము. ఆకుల అంచులు మాడిన తరువాత విచారించి ప్రయోజనము లేదు.

వాడివేసిన ఇంజను ఆయిలును తలుపులకు, గుంజలకు పూయుట మన గ్రామములలో పెరిగినది. చౌకయని కాబోలు. చర్మమునకు, నేలకు హాని చేయు పదార్థములు అందులో గలవు. దానిపై ఏ రంగును నిలువదు. పశువులు నాకును. మానవలెను. జీడిగింజ తొక్క నూనె పడవలకు పూయుట వాడుకలో నున్నది. గుంజలకు మంచిదే గాని, చర్మము తగులుకొన్న చోట పొక్కును. చేతులకు తొడుగులు లేక ముట్టరాదు. అవిసె నూనె పూయువారు నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా మూల పడవేయరాదు. అవి తమంతట తామే వేడెక్కి అంటుకొనును. విప్పి ఆరవేయుడు, లేదా నీటిలో ముంచుడు.

చెదలు

చెదపురుగు నేల నుండి కొయ్యకు మట్టి గొట్టము కట్టుకొని ఎక్కును. ఎండ, గాలి తగిలిన బ్రదుకజాలదు గనుకనే ఆ చాటు. ఈ గొట్టము కనబడుటయే రైతుకు లభించు ముందు సూచన. గోడకు ఆనించి గడ్డివాము, కందికట్టె, పిడకలు, చెరకు పిప్పి పేర్చినచో ఆ గొట్టము వాని వెనుక దాగి పైకెక్కును. వానిని గోడకు మూడడుగుల దూరములో పేర్చుడు. పెరటిలో కొట్టిన చెట్టు మొద్దును వేళ్లతో పెకలించుడు. గోడ చుట్టు మూరెడు మేర ఏమియు లేకుండ శుభ్రముగా ఉంచినచో వారమునకొకసారి ఒక చూపు చాలును. గొట్టమును చీపురుతో దులిపినంత మాత్రమున పోదు, నాలుగు దినములలో మరల కట్టును. పుట్ట నేలలోనే యున్నది.

పూర్వము చెదలకు ఆల్డ్రిన్, బి.హెచ్.సి. పొడులు చల్లెడివారు. అవి నేలలోను, పాలలోను ఏండ్ల తరబడి నిలుచునని తేలి మన దేశములో నిషేధింపబడినవి. పాత డబ్బా ఎక్కడైన అటుక మీద మిగిలియున్నచో వాడవలదు. నేడు ఇండ్ల చెదలకు ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతపు మందును లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్ల చొప్పున కలిపి, గోడ వెంబడి రంధ్రములు చేసి నేలలో పోయుచున్నారు. మందు పట్టీ మీది సూచనలను పూర్తిగా చదివియే వాడవలెను. బావికి దగ్గరగా పోయరాదు.

రంగు ఎప్పుడు?

అందరును సంక్రాంతి ముందు రంగులు వేయింతురు. గోడకు సున్నము అప్పుడే వేయించుడు. కొయ్యకు మాత్రము మాఘము వరకు ఆగుడు. ధనుర్మాసపు మంచు ఉదయము తొమ్మిదింటి వరకు కొయ్యపై నిలుచును. మంచు తడి మీద పూసిన రంగు పొక్కులు లేచును. ఫిబ్రవరి, మార్చి నెలలలో పది గంటలకు మొదలుపెట్టి, ఎండ సూటిగా పడని వైపున పని చేయుచు, సాయంత్రపు చెమ్మకు ముందే ముగించవలెను. సున్నపు చుక్కలు కొయ్యపై పడినచో వెంటనే తుడువవలెను. సున్నము నూనె రంగును తినివేయును.

రంగుకు ముందు ఉప్పు, ధూళి పోవునట్లు మంచినీటితో కడిగి రెండు మూడు దినములు ఆరనీయవలెను. బూడిద రంగు తేలిన పై పొరను గరుకు కాగితముతో తీసివేయవలెను. అది ఎండకు చచ్చిన నార, దానిపై పూత పట్టదు. ముందు అస్తరు, తరువాత పలుచని రెండు పూతలు. ఒక్క దట్టపు పూత దానికి సాటి రాదు. సముద్రపు ఒడ్డువారు ఇనుప మేకులకు బదులు ఇత్తడివి గాని, తుప్పు పట్టని ఉక్కువి గాని వాడవలెను. ఇనుప తుప్పు మేకును మాత్రమే గాక చుట్టునున్న కొయ్యను కూడ నల్లబరచి చెరచును.

తిరిగి ఎప్పుడు పూయవలెనో తెలియుటకు సంవత్సరములు లెక్కించనక్కరలేదు. మే నెలలో, వానలకు ముందు, పడమటి ఎండయు జల్లును తగులు పలకపై నాలుగు నీటి చుక్కలు వేసి చూడుడు. చుక్కలు ముత్యములవలె నిలిచినచో ఆ ఏడు అక్కరలేదు. కొయ్యలోనికి ఇంకి నల్లని మరక మిగిలినచో మృగశిర కార్తె రాక మునుపే ఒక పూత వేయించుడు. తలుపు అడుగున, కిటికీ క్రింది కమ్మి మీద కూడ చుక్కలు వేసి చూడవలెను; ముఖద్వారము బాగున్నదని పెరటి తలుపును విడువరాదు.